రోహిణి ఎండలో గాజుపోగు రెక్క

దివిసీమలో రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటే కార్తెలు. దుక్కి ఎప్పుడు దున్నాలో, నారు ఎప్పుడు పోయాలో వాటిని బట్టే లెక్క. మన దేశంలో పాతతరం గ్లైడర్ పైలట్లకు మాత్రం ఇవి విమానాల పేర్లు. ఢిల్లీలోని పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం 1950ల చివరి నుంచి 1970ల దాకా ఇంజిన్ లేని విమానాలు కొన్ని తయారుచేసి వాటికి అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశీర్, ఆర్ద్ర అని నక్షత్రాల పేర్లు పెట్టుకుంటూ పోయింది. 1961లో తొలిసారి ఎగిరిన రోహిణిలో గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చునేవారు. రోహిణిని కట్టింది చెక్కతో, ప్లైవుడ్‌తో.

అలాంటి గ్లైడర్ నక్షా ఒకటి తెచ్చి, బందరు పక్కన గిలకలదిండి రేవులో మరబోట్లు కట్టే వడ్రంగి ముందు పరిస్తే అతనికి సగానికి పైగా అర్థమైపోతుంది. రెక్క పొడవునా సాగే దూలం, దానికి అడ్డంగా వరసగా పక్కటెముకలు, వాటి మీద పలుచటి పలక. పడవ కట్టుబడీ దాదాపు ఇంతే. అయితే నేడు ప్రపంచంలో పోటీ గ్లైడర్‌ని ఎవరూ చెక్కతో కట్టడం లేదు. ఇటు గిలకలదిండిలోనూ, నాగాయలంక, కోడూరు మండలాల తీర గ్రామాల్లోనూ వేటకు పోయే చిన్న బోట్లు చాలావరకు ఫైబర్‌వే. చెక్కను పక్కకు నెట్టిన పదార్థం రెండుచోట్లా ఒకటే కుటుంబానిది. అలాగని బోటు షెడ్డులో వాడే ఫైబర్‌నే తెచ్చి రెక్కకు చుడితే ప్రాణం మీదికొస్తుంది. ఎందుకొస్తుందో తెలియాలంటే ముందు బోటు షెడ్డులోకి వెళ్లాలి.

మన తీరానికి ఫైబర్ ఒక్కరోజులో రాలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం, కెరటాలు దాటుకుని ఇసుక మీదికి ఎక్కగల బోట్ల నమూనాలు గీయించి తూర్పుతీరంలో పరీక్షలు చేయించింది. వాటిలో ఫైబర్ బోట్లూ ఉన్నాయి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సహాయ కార్యక్రమాల్లో ఫైబర్ బోట్లు పెద్దసంఖ్యలో దిగాయి. చెక్క పడవకు ఉన్న పీడలు దీనికి లేవు. ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు దీన్ని ముట్టదు. పలకల సందుల్లో దూది కుక్కి గుగ్గిలం పూయనక్కర్లేదు. మంచి కలప కోసం అడవుల వైపు చూడనక్కర్లేదు.

బోటు ఫైబర్ తయారీ ఇలా ఉంటుంది. బోటు ఆకారంలో లోతుగా ఒక మౌల్డ్ ఉంటుంది. దానికి మైనం రుద్ది, పైపూతగా జెల్‌కోట్ వేసి, మీద గాజుపోగుల మ్యాట్ పరుస్తారు. పాలియెస్టర్ రెజిన్‌లో కోబాల్ట్, క్యాటలిస్టు కలిపి బ్రష్షుతో తడిపి, రోలరుతో గాలిబుడగలు తరిమేస్తారు. (కోబాల్టునూ క్యాటలిస్టునూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలుతుంది. ముందు ఒకటి రెజిన్‌లో బాగా కలిసిన తర్వాతే రెండోది వేయాలి.) మ్యాట్ అంటే రెండంగుళాల పొడవు గాజుపోగు ముక్కలను అడ్డదిడ్డంగా చల్లి అంటించిన చాప. పోగులకు దిక్కంటూ లేదు కాబట్టి అది రెజిన్‌ని బాగా తాగుతుంది. గట్టిపడిన పలకలో బరువు లెక్కన గాజు మూడో వంతుకు మించదు, మిగతాదంతా రెజినే. బోటుకి ఇది పర్వాలేదు. పదికిలోలు బరువు పెరిగితే మోటారు మోస్తుంది. పైగా కెరటాల మీద బోటు కొంచెం బరువుగా ఉంటేనే నిలకడ అనే సరంగులున్నారు. గ్లైడర్‌లో ఆ పదికిలోలు మోయడానికి మోటారు లేదు.

ఇక చెక్క సంగతి. చెక్కకు బదులు కాంపోజిట్, అంటే పోగూ జిగురూ కలిసిన పదార్థం, అని అంటున్నాం గానీ, చెక్క తానే ఒక కాంపోజిట్. సెల్యులోజ్ పోగులు, వాటిని పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురు, ఈ రెండూ కలిస్తేనే మాను. వెదురులో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. బొంగును అడ్డంగా కోసి చూడండి, బయటి అంచు దగ్గర పోగులు దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలుచగా ఉంటాయి. గాలికి వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది బయటి అంచు మీదే కాబట్టి వెదురు తన బలాన్ని అక్కడే పోగేసుకుంది. గాజుపోగు, కార్బన్‌పోగు పదార్థాల్లో కొత్త సంగతి పోగులు కాదు. పోగు ఏ దిక్కున పోవాలో, ఎక్కడ ఎన్ని వరసలు ఉండాలో ఇప్పటిదాకా చెట్టు నిర్ణయించింది, ఇకమీదట కట్టేవాడు నిర్ణయిస్తాడు. అధికారంతోపాటు బాధ్యతా చేతులు మారింది. చెక్క కొనేవాడు ఈనె చూసి, ముడులు చూసి మంచిచెడ్డలు తేల్చుకోగలడు. కాంపోజిట్ కొనడానికి దొరకదు. గుడ్డా రెజినూ దొరుకుతాయి. అసలు పదార్థం మీ షెడ్డులో, మీ చేతుల్లో, ఆ పూట వాతావరణంలో తయారవుతుంది.

గాజుపోగు చెక్క కంటే బలమైనది కాబట్టి గెలిచిందని అందరూ అనుకుంటారు. లెక్క వేస్తే సంగతి అంత సూటిగా ఉండదు. విమానాలకు పేరుపడ్డ స్ప్రూస్ కలప బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, ఈనె వెంట సుమారు 10 గిగాపాస్కల్స్, సాంద్రత ఘనసెంటీమీటరుకు 0.4 గ్రాముల చుట్టుపక్కల. పోగులన్నీ ఒకే దిక్కున పరిచిన గాజు-ఎపాక్సీ (ఎపాక్సీ ఇంకో రకం రెజిన్) బిగువు 40, సాంద్రత 1.95. ఒక్కో గ్రాముకి ఎంత బిగువు అని భాగిస్తే స్ప్రూస్‌కి 25, గాజుకి 20. చెట్టే నెగ్గింది! కార్బన్‌పోగు మాత్రం 130 బిగువు, 1.55 సాంద్రతతో 84కి పోయి ఇద్దర్నీ వెనక్కి నెడుతుంది. అయితే తొలి ఫైబర్ గ్లైడర్లు వచ్చినప్పుడు కార్బన్ ఇంకా అందుబాటులోకి రాలేదు. మరి గాజు ఎలా గెలిచింది?

మొదటి కారణం చోటు. 15 మీటర్ల రెక్కలు, మనిషితో కలిపి 300 కిలోల బరువు ఉన్న గ్లైడర్‌ని ఊహించండి. యూరప్ నియమాల ప్రకారం అది తన బరువుకు 5.3 రెట్ల భారాన్ని తట్టుకోవాలి, దాని మీద ఒకటిన్నర రెట్లు భద్రత ఉంచాలి. అంటే రెక్కలు రెండూ కలిసి దాదాపు 2400 కిలోలు మోస్తూ విరగకుండా ఉండాలి. రెక్కల సొంత బరువు తీసేసి, ఆ భారం మొదలు దగ్గర ఎంత వంపు తెస్తుందో చూస్తే సుమారు 2500 కిలోగ్రామ్-మీటర్లు. మొదలు దగ్గర రెక్క మందం 13 సెంటీమీటర్లే అనుకుంటే, దూలం పై అంచును నలిపే బలమూ కింది అంచును లాగే బలమూ చెరి 20 టన్నుల పైచిలుకు. ఇది కాగితం మీద వేసిన ముతక లెక్కే అయినా సంగతి చెబుతుంది. నలుగుడుకు స్ప్రూస్ తట్టుకునే హద్దు ప్రకారం చూస్తే ఒక్కో అంచుకు 60 చదరపు సెంటీమీటర్ల చెక్క కావాలి. పదిసెంటీమీటర్ల వెడల్పు పెడితే ఎత్తు ఆరేసి చొప్పున పైనా కిందా కలిపి పన్నెండు, అంటే రెక్క లోపలంతా దూలమే నిండిపోయింది. గాజుపోగుకు బలం వరకైతే నాలుగైదు చదరపు సెంటీమీటర్లు చాలు. వంపు తగ్గించడానికి ఇంకొంత కలిపినా చోటు మిగులుతుంది. కాబట్టి రెక్కను పలుచగా, పొడవుగా, సన్నగా చేయవచ్చు. పొడవైన సన్నటి రెక్కకు గాలి నిరోధం తక్కువ.

రెండో కారణం ఇంకా పెద్దది, అది నునుపు. రెక్క ముందంచు నుంచి గాలి పొరలు పొరలుగా, చెదరకుండా ఎంత దూరం జారితే నిరోధం అంత తగ్గుతుంది. అందుకు రెక్క ఉపరితలం మిల్లీమీటరులో పదోవంతు ఎగుడుదిగుడు కూడా లేకుండా ఉండాలి. చెక్క రెక్కలో పక్కటెముకల నడుమ గుడ్డో, పలుచటి ప్లైవుడ్డో లోపలికి జారుతుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంగుతుంది. మౌల్డ్‌లో పోసిన గాజుపోగు రెక్కకు ఈ బాధ లేదు. జర్మనీలో స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయ విద్యార్థుల గ్లైడర్ సంఘంలో రిచర్డ్ ఎప్లర్, హెర్మన్ నేగెలే పట్టుకున్నది ఈ కిటుకునే. గాజుపోగు పొరల నడుమ బాల్సా చెక్క ఉంచి వాళ్లు కట్టిన 16 మీటర్ల ఫీనిక్స్ 1957 నవంబరు 27న ఎగిరింది. గాజుపోగుతో కట్టిన తొలి గ్లైడర్ అదే. కిలోమీటరు ఎత్తు దిగేలోపు 40 కిలోమీటర్ల దాకా సాగింది.

ఆ 40 ఎంతో మన నేల మీద చూద్దాం. గుడివాడ నుంచి బందరుకి గాలిదారిన సుమారు 32 కిలోమీటర్లు. 1930లలో ఎందరో ఇంట్లో కట్టుకున్న గ్రూనౌ బేబీ అనే చెక్క గ్లైడర్ కిలోమీటరు దిగితే 17 కిలోమీటర్లు పోయేది. గుడివాడ మీద కిలోమీటరు ఎత్తులో దాన్ని వదిలితే గుడ్లవల్లేరు దాటి, పెడన చేరకముందే ఏ మినపచేలోనో దిగాలి. ఫీనిక్స్ అయితే, ఎదురుగాలి లేకపోతే, బందరు మీదికి ఇంకా కొంత ఎత్తు మిగుల్చుకుని వస్తుంది. చెక్కకూ గాజుకూ తేడా బలంలో కంటే ఈ దూరంలోనే ఎక్కువ.

తేమ విషయంలో మన డెల్టా చెక్కకు శత్రువే. గాలిలో తేమ పెరిగితే చెక్క దాన్ని పీల్చుకుంటుంది. చెక్కలో తేమ ఒక్కశాతం పెరిగిన ప్రతిసారీ నలుగుడును తట్టుకునే శక్తి సుమారు 5 శాతం పడిపోతుంది. బందరు గాలిలో తేమ ఉదయంపూట 80 శాతం దాటడం మామూలే. ఆ గాలిలో ఉన్న చెక్క, పొడి గోదాములో కొలిచి పట్టికలో రాసిన బలాన్ని ఇవ్వదు. జిగురు సంగతి ఇంకోటి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల మస్కీటో బాంబరు విమానం ప్లైవుడ్, బాల్సాతో కట్టినది. 1944 చివర్లో మన దేశంలో కొన్ని మస్కీటోల రెక్కలు గాలిలోనే విడిపోయాయి. విమానాలను నేల మీద నిలిపి తనిఖీలు చేశారు. అతుకులు సరిగా కుదరకపోవడం, ఇక్కడి వేడి-తేమలు, రెండూ విచారణలో తేలిన అంశాలు. చెక్క విమానానికి మన వాతావరణం పెట్టిన పరీక్ష అది.

కాంపోజిట్‌కి మాత్రం డెల్టా వాతావరణం అనుకూలమా అంటే కాదు. దాని బాధలు వేరు. అవి తెలియాలంటే ముందు దాన్ని కట్టే తీరు చూడాలి.

ఇంట్లో కట్టేవాళ్లకు జర్మనీ పద్ధతితో ఒక చిక్కుంది. మౌల్డ్ చేయడమే గ్లైడర్ చేసినంత పని. ఒక్క గ్లైడర్ కోసం మౌల్డ్ చేసేదెవరు? అమెరికాలో బర్ట్ రుటాన్ 1970ల నడుమ మౌల్డ్‌ని తీసేశాడు. రెక్క ఆకారం కోసిన రెండు పలకలను నురుగు దిమ్మ రెండు చివరలా బిగించి, వాటి అంచు వెంట కాలుతున్న తీగను జరిపితే దిమ్మ రెక్క ఆకారంలో తెగుతుంది. దాని మీద గాజుగుడ్డ పరిచి ఎపాక్సీతో తడిపితే పొర గట్టిపడుతుంది, లోపలి నురుగు అక్కడే ఉండిపోతుంది. ఇలా కట్టిన వేరీఈజ్ 1975లో ఎగిరింది. వేలమంది ఆ నక్షాలు కొనుక్కుని గ్యారేజీల్లో పని మొదలుపెట్టారు. 1982లో ఆయన గ్లైడర్ సాలిటేర్, ఇంట్లో కట్టుకునే గ్లైడర్ల డిజైన్ పోటీలో గెలిచింది. చిన్న మడత ఇంజిన్‌తో తానే పైకి లేచి, ఇంజిన్ ఆపేసి గాలిలో తేలేది. 1986 డిసెంబరులో ఆయన డిజైన్ చేసిన వోయేజర్ ఎక్కడా దిగకుండా, ఇంధనం నింపుకోకుండా 9 రోజుల్లో భూమిని చుట్టివచ్చింది.

ఇక్కడ గిలకలదిండి షెడ్డు అనుభవం ఎదురుతిరుగుతుంది. నురుగు అంటే పాలీస్టైరీన్, మన థర్మకోల్‌కి అన్న లాంటిది, గట్టిగా పీడించి తీసిన రకం. బోట్లకు వాడే పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ద్రవం ఉంటుంది. షెడ్డు బయటికి ఘాటుగా వచ్చే వాసన దానిదే. అది నురుగు మీద పడితే నురుగు కరిగి గుంటలు పడుతుంది. ఎపాక్సీ కరిగించదు. పాలియెస్టర్ గట్టిపడేటప్పుడు పరిమాణంలో 6 నుంచి 8 శాతం కుదించుకుపోతుంది కూడా. నునుపు కోసం ఇంత తాపత్రయపడి, చివరికి కుదించుకుపోయే రెజిన్ వాడితే పోగు అచ్చులు పైకి తేలతాయి. అందుకే గ్లైడర్లకు ఎపాక్సీ. ధర ఎక్కువే, బేరం లేదు.

గుడ్డ ఎంపికలో మన చేనేతవాళ్లకు లెక్క తేలిగ్గా తెలుస్తుంది. పెడనలో పడుగు, పేక అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. సాదా నేతలో ప్రతి పోగూ కిందికీ పైకీ వంకర తిరుగుతుంది. బట్టకు అది మంచిదే. రెక్కలో వంకర పోగు ముందు నిటారు కావాలని చూస్తుంది, ఆ తర్వాతే బరువు మోస్తుంది, నలుగుడు పడితే వంకర దగ్గరే మడతపడుతుంది. కాబట్టి దూలం అంచుల్లో నేతే లేకుండా, పోగులన్నీ పడుగులా ఒకే దిక్కున పరుస్తారు. రెక్క పైపొరకు, దూలం నడిమి పలకకు మాత్రం గుడ్డను ఐమూలగా, 45 డిగ్రీల మీద పరుస్తారు. రెక్క మెలితిరగకుండా ఆపేవి ఆ ఐమూల పోగులే. దిక్కు పది డిగ్రీలు తప్పినా బిగువు బాగా పడిపోతుంది. పైకి చూస్తే మాత్రం తేడా తెలియదు.

ఇక ఎండ. ఎపాక్సీలో హార్డ్‌నర్ కలిపాక రసాయనచర్య మొదలవుతుంది, ఆ చర్య వేడినిస్తుంది, ఆ వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు. 25 డిగ్రీల దగ్గర ముప్పావుగంట చేతిలో ఉండే రెజిన్, రోహిణికార్తెలో 40 డిగ్రీల రేకుల షెడ్డులో పావుగంట నిలవదు. కప్పులో ఎక్కువ కలిపి పక్కన పెడితే పొగలు కక్కి గడ్డకడుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసుకుంటే వేడి పోయి కొంత ఊపిరి దొరుకుతుంది. సరే, రోహిణి వదిలేసి శ్రావణంలో చేద్దామంటే తేమ పట్టుకుంటుంది. హార్డ్‌నర్‌లోని అమైన్లు గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పొర మీద జిడ్డులాంటి తెల్లటి పూత కడతాయి. దాన్ని నీళ్లతో కడిగి రుద్దకుండా మీద ఇంకో పొర వేస్తే రెండూ అతుక్కున్నట్టే కనిపిస్తాయి, అతుక్కోవు. సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు, పొద్దెక్కి తేమ దిగాక చేసే పని ఇది. లేదా ఏసీ గది కావాలి. ఇక్కడ వర్షాకాలంలో ఏసీని చల్లదనం కోసం కంటే గాలి ఆరబెట్టడం కోసం నడపాలి.

గట్టిపడిన తర్వాత కూడా ఎండ వదలదు. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 50-60 డిగ్రీల దగ్గరే మళ్లీ మెత్తబడటం మొదలుపెడుతుంది. ముక్కను మరికొంత వేడి చేసి, 55-60 డిగ్రీల దగ్గర 15 గంటలు ఉంచితే ఆ హద్దు పైకి జరుగుతుంది. ఓవెన్ అంటే భయపడక్కర్లేదు, థర్మకోల్ పలకలతో కట్టిన పెట్టె, లోపల హీటరు, ఫ్యాను, రెండు మూడు థర్మామీటర్లు. యూరప్ నియమాల్లో తెల్లరంగు వేసిన నిర్మాణం బలాన్ని 54 డిగ్రీల దగ్గర రుజువు చేయమంటారు. ప్రపంచంలో ఫైబర్ గ్లైడర్లు దాదాపు అన్నీ తెల్లగా కనిపించడానికి అసలు కారణం ఇదే. ముదురు రంగు వేస్తే ఎండలో ఉపరితలం 80 డిగ్రీలు దాటగలదు. మే నెలలో కృష్ణా డెల్టాలో గాలే 45 దాకా పోయే రోజులుంటాయి కాబట్టి, ఇక్కడ కట్టేవాళ్లు ఆ 54ని కూడా చాలనుకోకూడదని నా అభిప్రాయం. రెక్క మీద అభిమాన హీరో బొమ్మ వేయించాలనుకునే కుర్రాళ్లకు ఇది చేదు వార్త.

అన్నిటికంటే బోటు షెడ్డుకీ గ్లైడర్ షెడ్డుకీ తేడా తెచ్చేది తూకం. గాజు 60-65 శాతం, రెజిన్ 35-40 శాతం, ఇది గ్లైడర్ పొరకు బరువు నిష్పత్తి. రెజిన్ ఎక్కువైతే బరువు పెరిగిందే తప్ప బలం రాలేదు. తక్కువైతే పోగుల నడుమ గాలి మిగిలింది. కాబట్టి గుడ్డ తూచి, అందుకు సరిపడా రెజిన్ తూచి, హార్డ్‌నర్‌ని తయారీదారు చెప్పిన నిష్పత్తిలో గ్రాముల్లో తూచి కలపాలి. కంటి అంచనాతో ఒక చుక్క ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుందనుకోవడం పాలియెస్టర్ అలవాటు. అక్కడ క్యాటలిస్టు చర్యను రెచ్చగొడుతుందంతే. ఎపాక్సీలో హార్డ్‌నర్ తానే పదార్థంలో భాగం, ఎక్కువైనా తక్కువైనా మిగిలిపోయినది మెత్తగానే ఉండిపోతుంది. తడిపాక మీద ప్లాస్టిక్ సంచి కప్పి లోపలి గాలి తోడేస్తే, వాతావరణం చదరపు మీటరుకు పది టన్నుల లెక్కన పొరలను అదిమి అదనపు రెజిన్‌ని బయటికి పంపుతుంది. ఆ తోడే పంపుగా పాత ఫ్రిజ్ కంప్రెసర్ పనికొస్తుంది.

గ్రాముల్లో పనిచేయడం బందరుకి కొత్తేమీ కాదు. 1926లో ఇక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాలల పరికరాలు చేసింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. రాత్రిపూట చూసే సైనిక పరికరాలు బందరులో తయారయ్యాయి. కాంపోజిట్లలోనూ తెలుగునేలకు మంచి చరిత్రే ఉంది. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలల్లో పుట్టిన తేలిక పదార్థంతో అబ్దుల్ కలాం బృందం నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో పిల్లలకు కాలిపట్టీలు చేసి ఇచ్చింది. మూడు కిలోలకు పైగా ఉన్న పట్టీ మూడు నాలుగు వందల గ్రాములకు దిగింది. బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాల వాళ్ల హంస శిక్షణ విమానం గాజుపోగు శరీరంతో 2000లో ధ్రువీకరణ పొందింది. తేజస్ యుద్ధ విమానం కట్టుబడి బరువులో 45 శాతం కాంపోజిట్లే.

ఒక భయం గురించి దాచకుండా చెప్పాలి. చెక్క విరిగే ముందు కిర్రుమంటుంది, చీలుతుంది, హెచ్చరిస్తుంది. ఫైబర్, అందులోనూ కార్బన్, హద్దు దాకా నిశ్శబ్దంగా ఉండి ఒక్కసారిగా పోతుంది. లోపల పొర విడిపోయినా పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. తనిఖీ చేసేవాళ్లు నాణెంతో ఉపరితలమంతా తట్టుకుంటూ పోతారు. కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టే, గట్టి చోట ఖంగున మోగుతుంది, పొర విడిపోయిన చోట బోలుగా పలుకుతుంది. మరమ్మతుకు దెబ్బతిన్న చోటును ఏటవాలుగా విశాలంగా గీకి, తీసినన్ని పొరలూ అదే దిక్కున మళ్లీ వేయాలి. పైన మ్యాట్ ముక్క అంటించి రెజిన్ పూస్తే బోటు మరో సీజన్ వేటకు పోతుంది. రెక్క పోదు.

మరి కట్టిన గ్లైడర్ ఇక్కడ ఎగురుతుందా? ఖరీఫ్‌లో నీళ్లు నిలిచిన వరిచేల మీద ఎండ పడితే ఆ శక్తి చాలావరకు నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, వేడిగాలి స్తంభాలు లేవవు. కోతలైపోయి నేల ఎండాక, ఫిబ్రవరి నుంచి మే దాకా కథ మారుతుంది. కొల్లేటి అంచున కైకలూరు దగ్గర ఆటపాకలో గూడు కట్టే గూడబాతులు మధ్యాహ్నం రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతుంటాయి. అంత బరువు పక్షిని లేపే గాలి గ్లైడర్‌నూ లేపుతుంది. బందరులో మాత్రం మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి ఆ స్తంభాలను చల్లార్చేస్తుంది. సముద్రానికి 35 కిలోమీటర్ల పైన ఉన్న గుడివాడ అందుకు నయం. సముద్రపు గాలి అంచు వచ్చి పొడిగాలిని పైకి నెట్టే గీత వెంట కాసేపు మంచి లేపు దొరుకుతుంది. దిగడమే కష్టం. గట్లు, పంటకాలువలు, చేపల చెరువులు, చెరువులకు లాగిన కరెంటు తీగలు. ఈ నేలలో గ్లైడర్ కట్టడం తెలివైన పనే అనిపిస్తుంది, ఎగరేయడానికి మాత్రం రన్‌వే ఉన్న మెట్టప్రాంతానికి తీసుకుపోవడం మేలు. మనిషి ఎక్కే ప్రతి విమానానికీ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి తప్పనిసరి, గన్నవరం విమానాశ్రయం గగనతలం పక్కనే ఉంది. ముంబైలో ఇంటి మేడ మీద ఆరుసీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌కి రిజిస్ట్రేషన్ దొరికింది 2017 నవంబరులో, ఎగరడానికి అనుమతి 2019లో. అంతకుముందు ఏళ్లతరబడి తిరిగాడు.

కాబట్టి గుడ్లవల్లేరు, గుడివాడ, బందరుల్లో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివే పిల్లలకు ఒక్క మాట. రెక్కతో మొదలుపెట్టకండి. మీటరు పొడవు దూలం ఒకటి స్ప్రూస్ దొరక్కపోతే మంచి టేకుతో చేయండి, అదే కొలతల్లో ఇంకోటి నురుగు, గాజుగుడ్డ, ఎపాక్సీతో చేయండి. మూడోదాన్ని గిలకలదిండి షెడ్డువాళ్లను బతిమాలి మ్యాట్, పాలియెస్టర్‌తో, నురుగు లేకుండా, చేయించుకోండి. మూడింటినీ తూచండి. రెండు బల్లల మధ్య పెట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, నడుమ ఇసుకబస్తాలు వేస్తూ ఎంత వంగిందో స్కేలుతో కొలవండి, విరిగేదాకా వేయండి. మేనెల మధ్యాహ్నం డాబా మీద ఎండలో ఉంచి అదే పరీక్ష ఇంకోసారి చేయండి. వచ్చిన అంకెలు మీ కాలేజీ గోడ మీద అతికించండి. డెల్టా ఎండలో, డెల్టా తేమలో కొలిచిన అంకెలు ఏ జర్మనీ పట్టికలోనూ లేవు.